నాలుగేళ్లు నిండని లారీకి అంత తుప్పెక్కడిది?

మీ ప్రశ్నను ముందు కుదించి చెప్తాను, మిగతావాళ్లకూ విషయం తెలుస్తుంది. 1/35 స్కేల్లో, అంటే అసలుకు ముప్ఫై ఐదో వంతు సైజులో, రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ జీఎంసీ సీసీకేడబ్ల్యూ సైనిక లారీ ప్లాస్టిక్ మోడల్ కట్టారు. 1944లో ఫ్రాన్స్‌లో రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్ అనే సైనిక సరుకు లారీల వరుసలో తిరిగిన బండిలా చూపించాలనుకున్నారు. రంగులు, తుప్పు, పెచ్చులు, వాష్ (సందుల్లోకి పాకే పలుచటి ముదురు రంగు), పౌడర్లు (దుమ్ములా వేసే రంగు పొడి) అన్నీ వేశాక అది పాత ఇనుము కొట్టు దగ్గర పడేసిన బండిలా తయారైంది. వాష్ వేసినచోట నీటి మరకల్లా అంచులు తేలాయి. పది చక్రాల్లో రెండు నేలకు ఆనడం లేదు. ఈ బండిని బాగుచేసుకోవచ్చా, ఇంకోటి కడితే ఎక్కడ జాగ్రత్తపడాలి అని అడిగారు.

బాగుచేసుకోవచ్చు. అదెలాగో చివర్లో చెప్తాను. మీ ఫొటోల్లో పనితనానికి వంక పెట్టేదేమీ లేదు. తుప్పు మరకలు విడిగా చూస్తే చక్కగా వచ్చాయి. తేడా కొట్టింది బండి వయసు దగ్గర. సీసీకేడబ్ల్యూ తయారీ మొదలైందే 1941లో. అంటే 1944 సెప్టెంబరులో రెడ్ బాల్ దారిలో ఎంత పాత బండి తిరిగినా దానికి నాలుగేళ్లు నిండలేదు. ఆ వయసు లారీ బానెట్ మీద తుప్పు కారికలు ఉండవు. తలుపు రేకు పెచ్చులుగా ఊడదు. కానీ ఆ కొద్దికాలంలోనే అది నానా చాకిరీ చేసి ఉంటుంది. కాబట్టి దాని ఒంటి మీద కనిపించాల్సింది దుమ్ము, బురద, ఆయిల్, గ్రీజు, బూట్ల రాపిడి, సరుకు గీతలు. తుప్పు వాటన్నిటి తర్వాత, అదీ రెండు మూడు చోట్ల మాత్రమే.

మనకు ఈ పొరపాటు రావడానికి కారణం ఊహించగలను. లారీ అనగానే రోడ్ల మీద ఏళ్ల తరబడి తిరిగిన బండ్లే కళ్ల ముందు మెదులుతాయి. ఇంటర్నెట్లో దొరికే సీసీకేడబ్ల్యూ రంగు ఫొటోల్లోనూ చాలావరకు యుద్ధం అయ్యాక పొలాల్లో దశాబ్దాలపాటు నానిన బండ్లు, లేదంటే మ్యూజియంలో మెరిసేలా రంగు వేసినవి. రెండూ మనకు పనికిరావు. అప్పటి నలుపు తెలుపు ఫొటోలే చూడండి. వాటిలో రంగు తెలియకపోయినా ఎక్కడ లేతగా ఉంది, ఎక్కడ ముదురుగా ఉంది, ఎక్కడ తడి మెరుస్తోంది అన్నది బాగా తెలుస్తుంది. వెదరింగ్‌కు, అంటే బండి మీద మురికి, అరుగుదల చూపించే పనికి, కావాల్సింది అదే.

అందుకే పెయింటు సీసా మూత తీయకముందే ఒక ఊరు, ఒక నెల, ఒక సరుకు అనుకోండి. రెడ్ బాల్ 1944 ఆగస్టు 25న మొదలై నవంబరు 16 దాకా నడిచింది. నార్మండీ నుంచి సైన్యం అనుకున్నదానికంటే వేగంగా ముందుకు పోయింది. రైలు మార్గాలు, వంతెనలు బాంబుదాడుల్లో పాడై ఉన్నాయి. దాంతో సెయింట్-లో అనే పట్టణం నుంచి షార్ట్ర్ పట్టణం వైపు రెండు సమాంతర రోడ్లను ఈ లారీలకే కేటాయించారు. పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి. ఆగస్టు 29న ఒక్కరోజే 5,958 బండ్లు 12,342 టన్నుల సరుకు మోశాయి. డ్రైవర్లలో నాలుగింట మూడు వంతుల మంది నల్లజాతి అమెరికన్ సైనికులు. గంటకు 25 మైళ్ల వేగం దాటొద్దు, బండికీ బండికీ మధ్య 60 గజాలు ఉండాలి అని రూల్. రూల్ సంగతి పక్కనపెట్టి, వేగాన్ని అదుపుచేసే గవర్నర్లు పీకేసి నడిపినవాళ్లు చాలామంది. రెండున్నర టన్నుల బండిలో ఐదు టన్నుల దాకా ఎక్కించడం కూడా మామూలైపోయింది.

ఇదంతా చరిత్ర పాఠం కోసం చెప్పడం లేదు. మోడల్ మీద ఏం కనిపించాలో ఇందులోనే ఉంది. ఈ బండ్లు ఎక్కువగా గట్టి రోడ్ల మీద నడిచాయి. కాబట్టి ఇరుసుల దాకా బురద మెత్తాల్సిన పని లేదు. బురద అంటుకునేది డిపోలో సరుకు ఎక్కించేచోట, పొలంలో దించేచోట, రోడ్డు దిగి పక్కకు ఆపినచోట. ఆగస్టు చివరి బండి అయితే లేత రంగు పొడి దుమ్ము. అక్టోబరు బండి అయితే వాన తడి, ముదురు బురద చిమ్మిన చుక్కలు. ఆ ఏడాది శరదృతువులో అక్కడ వానలు బాగా పడ్డాయి. మీరు ఈ రెండూ ఒకే బండి మీద వేశారు. అందుకే చూసేవాళ్లకు ఏ కాలమో అర్థం కావడం లేదు.

బాగా బురద పూయాలని మనసు పీకుతుంటే అదే లారీని అస్సాంలోని లెడో నుంచి బర్మా మీదుగా చైనా వెళ్లిన దారిలో పెట్టుకోండి. మొదటి కాన్వాయ్ 1945 జనవరి 12న లెడోలో బయల్దేరి ఫిబ్రవరి 4న కున్మింగ్ చేరింది. కొండదారులు, అడవి, మట్టి రోడ్లు. అక్కడ ఎంత బురద పూసినా అడిగేవాడు లేడు. మన దేశంలో మొదలైన కథ కూడా కాబట్టి నాకైతే అదే ఎక్కువ ఇష్టం. కానీ మీరు అడిగింది ఫ్రాన్స్ గురించి, దాని దగ్గరే ఉందాం.

ఇక కట్టుబడి. ట్యాంకు కట్టిన చేతికి లారీ మొదట్లో తేలిగ్గా అనిపిస్తుంది, చాసీ దగ్గరికి వచ్చాకే అసలు పరీక్ష. సీసీకేడబ్ల్యూ చాసీ అంటే రెండు పొడుగు పట్టాలు, మధ్యలో అడ్డకమ్మీలు. పొడుగు వీల్‌బేస్ (ముందు వెనక ఇరుసుల మధ్య దూరం) ఉన్న 353 రకానికి అసలు బండిలో 164 అంగుళాలు. 1/35లో అది దాదాపు 119 మిల్లీమీటర్లు. అంత పొడుగున ఒక పట్టా అర మిల్లీమీటరు మెలిపడినా చివర్లో ఒక చక్రం గాల్లోకి లేస్తుంది. మీకు జరిగింది అదే అయుంటుంది.

దీనికి మందు చాలా సులువు. ఒక అద్దం ముక్క గానీ, గ్రానైట్ పలక గానీ తీసుకోండి. చాసీ పట్టాలు, అడ్డకమ్మీలు జిగురు పెట్టకుండా ముందు కూర్చి చూసుకోండి. తర్వాత పలుచటి ప్లాస్టిక్ సిమెంటు (మోడల్ జిగురు) ఒక్కొక్క చుక్క తాకించి, చాసీని అద్దం మీద బోర్లించి, పైన సమానంగా బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. కమాన్లు, వెనక రెండు హౌసింగులు (ఇరుసు తొడుగులు), ముందు హౌసింగు పెట్టేటప్పుడు జిగురు పూర్తిగా ఆరకముందే చక్రాలు ఉత్తినే తొడిగి బండిని అద్దం మీద నిలబెట్టండి. ప్రతి టైరు కిందకీ సన్నటి కాగితం ముక్క దూర్చి లాగండి. కాగితం సులువుగా జారిపోయిందంటే ఆ చక్రం ఆనలేదు. ఆ పది నిమిషాల్లో సర్దుకుంటే సరిపోతుంది. మర్నాడు సర్దుదామంటే విరగ్గొట్టాల్సిందే.

వెనకవైపు షాఫ్టులు కూడా చూసుకోండి. ఈ లారీలో వెనక రెండు ఇరుసులకూ ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ శక్తిని ఇరుసులకు పంచే గేర్ పెట్టె) నుంచి వేరువేరుగా జాయింట్ షాఫ్టులు వెళ్తాయి. చివరి ఇరుసుకు వెళ్లేది మధ్య ఇరుసు మీదున్న బేరింగు దిమ్మె మీదుగా పోతుంది. హౌసింగులు రంగు వేసి బిగించేశాక ఆ షాఫ్టు దూర్చాలంటే నరకం. కిట్ పేపర్లో ఏ వరుస ఇచ్చినా, షాఫ్టులు ఇరుసులతో పాటే పెట్టేయండి. ఇంకో మాట. హౌసింగుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి గుండ్రటి బంతిలాంటి బాంజో రకం, రెండోది మధ్యలో బోల్టులతో రెండు ముక్కలుగా బిగించిన స్ప్లిట్ రకం. మీ కిట్‌లో ఏది ఉంటే అది. రెండూ ఒకే బండిలో కలపకండి, అంతే.

టైర్లకు మధ్యలో మౌల్డు గీత ఉంటే మీద తేలిక చేతితో గీకేయండి. అడుగున ఒక చోట సాండ్ పేపర్ మీద నాలుగైదు సార్లు రుద్ది కొంచెం చదును చేస్తే బండికి బరువు వస్తుంది. నిండా సరుకుతో చూపించే బండికి వెనక టైర్లు ఇంకాస్త ఎక్కువ చదును కావాలి. ఐదు టన్నులు మోస్తున్న బండి నున్నగా గుండ్రంగా ఉన్న టైర్ల మీద నిలబడితే బొమ్మలా కనిపిస్తుంది. చదును చేసిన వైపు నేలమీదకు వచ్చేలా పెట్టడం మాత్రం మరచిపోకండి, నవ్వులాట కాదు, చాలామంది మరచిపోతారు.

క్యాబిన్, చాసీ, వెనక బాడీ, చక్రాలు వేటికవి విడిగా కట్టి, విడిగా రంగు వేసి చివర్లో కలపండి. క్యాబిన్ పైకప్పు అతికించకముందే లోపల సీట్లు, స్టీరింగు, పెడల్స్ పూర్తి చేయాలి. ముందు అద్దాలకు ఫెవిక్విక్ వాడొద్దు. దాని ఆవిరికి అద్దం తెల్లగా మసకబారుతుంది. తెల్ల ఫెవికాల్ చిన్న చుక్క చాలు, ఆరాక కనిపించదు. బాడీ లోపలి గోడల మీద, నేల మీద అచ్చు నుంచి తోసిన గుండ్రటి మచ్చలు ఉంటాయి. ఖాళీ బండి చూపిస్తే అవి పూడ్చి తీరాలి. సరుకు నింపేట్టయితే కనిపించేవి మాత్రం పూడ్చండి, మిగతావాటితో ప్రాణం తీసుకోకండి.

రంగు దగ్గరకు వద్దాం. ప్రైమర్, అంటే రంగు పట్టుకోవడానికి వేసే అడుగు పూత, తప్పనిసరి. మిస్టర్ సర్ఫేసర్ లాంటిది పలుచగా కొట్టండి. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే ఎన్‌సీ థిన్నర్‌తో కక్కుర్తి పడొద్దు, అది తిన్నగా ప్లాస్టిక్కునే కరిగిస్తుంది. ఎయిర్‌బ్రష్ కడుక్కోవడానికైతే పర్వాలేదు, కిటికీలు తెరిచి, మాస్కు పెట్టుకుని. వానాకాలంలో విశాఖ, కాకినాడ లాంటిచోట ఉండేవాళ్లకు ఒక మాట. గాలిలో తేమ ఎక్కువున్న రోజు లాకర్ వార్నిష్ కొడితే పాలు పొంగినట్టు తెల్లబడుతుంది. కంప్రెసర్‌కు నీటి ట్రాప్ ఉందో లేదో చూసుకోండి, జోరువాన పడుతుంటే ఆ పూట వార్నిష్ పని మానేయండి.

ఆలివ్ డ్రాబ్‌కు, అంటే అమెరికన్ సైనిక బండ్ల ముదురు ఆకుపచ్చకు, టామియా కంపెనీ ఎక్స్ఎఫ్-62 రంగు చాలు. సీసాలోంచి తీసింది తీసినట్టే కొడితే చిన్న మోడల్ మీద మరీ చీకటిగా కనిపిస్తుంది. దాన్ని సగానికి పైగా థిన్నర్‌తో పలుచన చేసి, 15 నుంచి 20 పీఎస్ఐ మధ్య గాలితో, ఒకేసారి ముంచకుండా పొరలు పొరలుగా కొట్టండి. రెండో విడతలో కాస్త బఫ్ గానీ డెక్ ట్యాన్ గానీ (రెండూ లేత మట్టిరంగులే) కలిపి ఎండ పడే పైభాగాలు లేతచేయండి. బానెట్ పైన, క్యాబిన్ కప్పు, మడ్‌గార్డుల పైభాగం. అడుగు భాగాలు మొదటి ముదురు రంగులోనే ఉండనివ్వండి. టార్పాలిన్ మాత్రం వేరే రంగు. గుడ్డ కాబట్టి రేకు కంటే త్వరగా వెలుస్తుంది. దానికి కాస్త ఖాకీ గానీ లేత ఆకుపచ్చ గానీ కలిపిన రంగు వేస్తే బండిలో ఒక్కసారి జీవం వస్తుంది. ఈ ఒక్క పని చేసినా సగం వెదరింగ్ అయిపోయినట్టే.

వెనక బాడీ చెక్కదైతే ఇంకో సంగతి. ఉక్కు ఆదా చేయడానికి చెక్క బాడీలు కూడా వాడారు. కానీ వాటికీ ఆలివ్ డ్రాబ్ పూశారు. కొంతమంది మోడలర్లు మొత్తం బాడీని పచ్చి చెక్క రంగులో, గీతలు దిద్ది అందంగా వేస్తారు. చూడ్డానికి బాగుంటుంది గానీ తప్పు. చెక్క బయటపడేది రంగు అరిగినచోటే. బాడీ నేల మధ్యలో, వెనక తలుపు పైఅంచున, సరుకు ఈడ్చే దారిలో. ముందు చెక్క రంగు వేసి, దాని మీద హెయిర్ స్ప్రే పలుచగా కొట్టి, ఆరాక ఆలివ్ డ్రాబ్ వేసి, తడి కుంచెతో నేల పొడుగునా రుద్దితే ఆ అరుగుదల సహజంగా వస్తుంది. ఎక్స్ఎఫ్-62ని నీళ్లలో తేలిగ్గా లేచేలా ఉంచాలంటే ఆరిన అరగంటా గంటలోపే రుద్దాలి. మర్నాటికి గట్టిపడిపోతుంది.

వాష్ మరకల సంగతి. మీరు మ్యాట్ (మెరుపు లేని) రంగు మీదే నేరుగా వాష్ వేశారు. మ్యాట్ ఉపరితలం గరుకుగా ఉంటుంది, వాష్‌ను పీల్చుకుంటుంది. ఎక్కడ ఆరిందో అక్కడ అంచు కట్టేస్తుంది. ముందు ఎక్స్-22 లాంటి గ్లాస్ (మెరిసే) వార్నిష్ పలుచగా కొట్టండి. డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తులు) కూడా ఆ గ్లాస్ మీదే పెట్టాలి, అప్పుడు వాటి అంచులు వెండిలా మెరవవు. బానెట్ మీది నక్షత్రం రేకు వంపుల్లో ఒదగాలంటే మిస్టర్ మార్క్ సాఫ్టర్ లాంటి డెకాల్‌ను మెత్తబరిచే ద్రావణం రాయండి. ఆరాక డెకాల్స్ మీద ఇంకో పొర వార్నిష్. ఆ తర్వాతే వాష్.

ఆ వాష్ కూడా బండంతా పూయకండి. క్యామెల్ ఆర్టిస్ట్ ఆయిల్ కలర్లు మన ఊళ్లలో స్టేషనరీ షాపుల్లో దొరుకుతాయి. బర్న్ట్ అంబర్ కొద్దిగా, నలుపు చిటికెడు తీసుకుని అట్టముక్క మీద గంటసేపు ఉంచండి. అట్ట నూనెను లాగేస్తుంది. అప్పుడది మ్యాట్‌గా ఆరుతుంది. దాన్ని వాసన లేని థిన్నర్‌లో పలుచన చేసి, సన్నటి కుంచె కొసతో తలుపు సందులో, బోల్టు చుట్టూ, గ్రిల్ కమ్మీల మధ్య ముట్టించండి. గ్లాస్ మీద అది తనంతట తాను గీత వెంబడి పాకుతుంది. పక్కకు పొంగింది పావుగంట తర్వాత థిన్నర్‌తో తడిపి పిండేసిన కుంచెతో తుడిచేయండి.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. కమాన్లు, ఇరుసులు, అద్దం స్టాండు లాంటి సన్నటి ముక్కల మీద థిన్నర్ గుంటకట్టి నిలబడితే ప్లాస్టిక్ పెళుసెక్కి పుటుక్కుమంటుంది. ముఖ్యంగా ఒత్తిడి మీద అతికించిన చోట. అందుకే చాసీ కింద వాష్ తడితడిగా పోయకండి.

పెచ్చులు. మీ ఫొటోలో మడ్‌గార్డు అంచున మచ్చలు మిల్లీమీటరు పైనే ఉన్నాయి. 1/35లో మిల్లీమీటరు అంటే అసలు బండి మీద మూడున్నర సెంటీమీటర్లు. ఒక మడ్‌గార్డు మీద అలాంటివి ఇరవై అంటే ఎవరో సుత్తితో కొట్టారనుకోవాలి. చినిగిన స్పాంజి ముక్కతో, రంగు దాదాపు ఆరిపోయే దాకా పేపరు మీద అద్ది, అప్పుడు తాకించండి. ముందు లేత ఆలివ్ రంగుతో గీతలు, అంటే రంగు పైపొర మాత్రమే గీసుకుపోయినవి. వాటిలో కొన్నిటి మధ్యలో మాత్రం ముదురు గోధుమ బూడిద కలిసిన చుక్క. ఫుట్‌బోర్డు అంచు, పెడల్స్, బాడీ నేల, వెనక తలుపు గొళ్లేల దగ్గర మెత్తటి పెన్సిల్ ముక్కు రుద్దితే బూట్లకు అరిగి మెరిసే ఉక్కు వస్తుంది. తలుపు పిడి చుట్టూ, బానెట్ గొళ్లేల చుట్టూ చేతుల జిడ్డు. అక్కడ పెచ్చుల కంటే కాస్త మెరుపుగా ముదురుగా ఉండే ఆయిల్ కలర్ రుద్దుడు బాగుంటుంది.

తుప్పు ఎక్కడ? సైలెన్సర్, దాని గొట్టం. వెనక తలుపు గొలుసులు. లాగే కొక్కెం. అంతే. సైలెన్సరుకు మాత్రం సందేహించకుండా వేయండి, వేడికి దాని రంగు నిలవదు.

దుమ్ము, బురద విషయంలో మాత్రం మన రోడ్డు మీది లారీ మంచి గురువు. విజయవాడ ఆటోనగర్‌లోనో, మీ ఊరి బైపాస్ మీదో లోడు దింపి ఆగిన లారీ చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. వయసు ఎక్కువ కాబట్టి దాని తుప్పు చూడకండి, మురికి ఎక్కడ పేరుకుందో చూడండి. ముందు చక్రం చిమ్మింది ఫుట్‌బోర్డు కింద, బాడీ ముందుగోడ కింది మూలల్లో ఉంటుంది. వెనక జంట టైర్లు చిమ్మింది బాడీ అడుగున అర్ధచంద్రాకారంలో ఉంటుంది. బండి వేగంగా పోతున్నప్పుడు వెనక గాలి సుడి తిరిగి దుమ్మును లోపలికి లాగుతుంది కాబట్టి వెనక తలుపే అన్నిటికంటే మురికిగా ఉంటుంది. డీజిల్ ట్యాంకు మూత కింద కారిక ఉంటుంది, మన బండికి అది పెట్రోలు కారిక. హబ్ మధ్య నుంచి గ్రీజు టైరు వైపు చారలుగా విరజిమ్మి ఉంటుంది. భౌతికశాస్త్రం ఎక్కడైనా ఒకటే, ఇవన్నీ 1944 బండికీ వర్తిస్తాయి.

దుమ్ము వేసే పద్ధతి నాది ఇది. బఫ్ రంగు ఒక వంతు, థిన్నర్ తొమ్మిది వంతులు కలిపి, ఎయిర్‌బ్రష్‌తో బాడీ కింది భాగం, చక్రాలు, వెనక తలుపు మీద మంచులా కొట్టడం. కొట్టేటప్పుడు ఏమీ కనిపించదు, ఆరాక తెలుస్తుంది. కాబట్టి తొందరపడి ఇంకో చేయి వేయకండి. ముందు అద్దం మీద వైపర్ తిరిగే భాగానికి టేపు కత్తిరించి అతికించి, దాని మీద దుమ్ము కొట్టి తీసేస్తే తుడిచిన విల్లు ఆకారం మిగులుతుంది. మీ కిట్‌లో వైపర్ ఇరుసు ఎక్కడుందో చూసి దానికి తగ్గట్టు ఆ విల్లు తిప్పండి.

టైరు ఒక్కటి దగ్గరగా చూద్దాం. అమెరికన్ సైనిక టైరుకు అడ్డంగా లావుపాటి దిమ్మెలుంటాయి, మధ్యలో లోతైన సందులు. తారురోడ్డు మీద గంటల తరబడి నడిచిన టైరుకు దిమ్మెల పైభాగం రోడ్డుకు రాసుకుని శుభ్రంగా, ముదురు బూడిదరంగులో ఉంటుంది. సందుల్లో మాత్రం దుమ్ము గట్టిపడి ఉంటుంది. టైరు మొత్తానికి రబ్బర్ బ్లాక్ వేసి, దుమ్ము రంగు ఎనామెల్‌ను పలుచన చేసి మొత్తం పూసి, కాస్త ఆరాక వేలికి గుడ్డ చుట్టుకుని దిమ్మెల పైభాగం మాత్రమే తుడవండి. పక్కగోడ మీద దుమ్ము అలాగే వదలండి. జంట టైర్ల మధ్య సందులో కొంచెం గట్టి బురద కుక్కండి. ఒక చక్రానికి చేసి చూస్తే మీకే అర్థమవుతుంది, మిగతా తొమ్మిదీ ఒకే సాయంత్రం అయిపోతాయి.

బురదకు పిగ్మెంటు (రంగు పొడి), కొద్దిగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్, మ్యాట్ మీడియం కలిపి ముద్ద చేసుకోవచ్చు. పిగ్మెంటు కొనలేకపోతే సాఫ్ట్ పేస్టల్ సుద్దను బ్లేడుతో గీకినా పొడి వస్తుంది. పెరట్లో మట్టి జల్లించి వాడేవాళ్లున్నారు. తప్పు లేదు గానీ దాని రేణువు చూసుకోవాలి. పావు మిల్లీమీటరు ఇసుక రేణువు స్కేల్లో దాదాపు తొమ్మిది మిల్లీమీటర్ల గులకరాయి అవుతుంది. పలుచటి గుడ్డలో జల్లించినదే వాడండి. మన ఎర్రమట్టి రంగు ఉత్తర ఫ్రాన్స్‌కు అసలు సరిపోదు, లేత బూడిద గోధుమ వైపు మార్చుకోండి. చిమ్మిన చుక్కలకు పలుచటి బురదరంగు కుంచెకు తీసుకుని, టూత్‌పిక్ మీద కుంచె లాగుతూ చిమ్మండి. ప్రతిసారీ ముందు తెల్ల కాగితం మీద చిమ్మి, చుక్క సైజు చూసుకున్నాకే బండి వైపు తిప్పండి.

పౌడర్ మీద చివర్లో మ్యాట్ వార్నిష్ కొట్టాలా అని కూడా అడిగారు. కొట్టకండి. సగం దుమ్ము మాయమైపోతుంది, మిగిలింది ముదురుగా మారిపోతుంది. మ్యాట్ వార్నిష్ వాష్ అయ్యాక, దుమ్ముకు ముందు. పౌడర్ నిలవాలంటే కుంచెతో థిన్నర్ చుక్క దాని పక్కన తాకించండి, అదే పీల్చుకుని అంటుకుంటుంది. బండిని పట్టుకోవాల్సి వస్తే చాసీ అడుగున పట్టుకోండి, లేదా చెక్క పీఠానికి బిగించేయండి.

సరుకు మీ ఇష్టం. జెర్రీ క్యాన్లు పెడితే ఒక్కోటి ఐదు గ్యాలన్లది, అంటే దాదాపు 20 లీటర్లు. అన్నిటికీ ఒకే ఆకుపచ్చ వేయకండి, రెండు మూడు ఛాయలు కలపండి. మూత చుట్టూ ఒకటి రెండిటికి తడి పెట్రోలు మరక. టార్పాలిన్‌కు ముఖం తుడుచుకునే టిష్యూ పొరల్లో ఒకటి విడదీసి, నీళ్లలో కలిపిన ఫెవికాల్‌తో బాడీ మీది వంపు కమ్మీల చట్రం మీద పరిస్తే మడతలు సహజంగా పడతాయి. కట్టు తాళ్లకు నూలు దారం వాడితే నూగు కనిపిస్తుంది, సన్నటి రాగి తీగే నయం.

మీ ఇప్పటి బండి సంగతి. తుప్పు వేసింది ఆయిల్ కలర్‌తోనో ఎనామెల్‌తోనో అయితే థిన్నర్‌తో తడిపిన కుంచెతో చాలావరకు లేచిపోతుంది, వేసి ఎక్కువ రోజులు కాకపోతే. అక్రిలిక్ అయితే రాదు. దానిమీద బాగా పలుచన చేసిన ఆలివ్ డ్రాబ్ రెండు మూడు పొరలు కొట్టండి, తుప్పు పూర్తిగా మాయం కాకపోయినా పాత మరకలా అడుగుకు వెళ్లిపోతుంది. డెకాల్స్ మీద టేపు వేయకండి, లేచొస్తాయి. కాగితం ముక్క అడ్డుపెట్టుకుని కొట్టండి. వాష్ అంచులు కూడా ఆ పొరల కిందే కలిసిపోతాయి. ఆరాక గ్లాస్, సందుల్లో మాత్రం వాష్, తర్వాత మ్యాట్, ఆపైన దుమ్ము.

లేచిన రెండు చక్రాలకు రెండు దారులున్నాయి. హబ్ రంధ్రం రౌండు ఫైలుతో పైవైపు కాస్త పెద్దది చేసి, చక్రాన్ని కిందకు దించి అతికించొచ్చు. దానికి ధైర్యం చాలకపోతే పీఠం మీద రోడ్డు పక్క మెత్తటి నేల చేసి, ఆనిన ఎనిమిది చక్రాలనూ బండి బరువుకు దిగబడినట్టు అర మిల్లీమీటరు లోపలికి దించేయండి. మిగతా రెండూ వాటంతటవే నేలకు తాకుతాయి. మీది అక్టోబరు బండి అనుకుంటే రెండోదే సులువు. ఆ మట్టి ముద్ద ఇంకా తడిగా ఉన్నప్పుడే ఇదే టైర్లలో ఒకదాన్ని దొర్లించి వెనక జాడ కూడా వేసేయండి, ఆరితే మళ్లీ కుదరదు.